కెనడా విజిటర్ వీసా రిఫ్యూజల్ తర్వాత: రీ-అప్లై సర్వీసుల్లో డబ్బుకు తగ్గది ఏది

పెళ్లికాని తమ్ముడికో, భర్త పోయిన పిన్నికో, విడాకులు తీసుకున్న అక్కకో కెనడా విజిటర్ వీసా రిఫ్యూజ్ అయిందని తెలియగానే చుట్టాలంతా తలా ఒక కన్సల్టెన్సీ నంబరు పంపుతారు. అమీర్‌పేటలోనూ బెంజ్ సర్కిల్ దగ్గరా ‘రిఫ్యూజల్ కేసులు మా స్పెషాలిటీ’ అన్న బోర్డులకు కొదవ లేదు. అక్కడ అమ్మేది నిజానికి నాలుగైదు రకాల పని: ఫైలు మళ్లీ వేయడం, రిఫ్యూజల్ నోట్స్ (ఎందుకు కాదన్నాడో ఆఫీసర్ ఫైల్లో రాసుకున్నది) తెప్పించడం, లైసెన్సున్న కన్సల్టెంట్ సలహా, కోర్టు కేసు, ఇవి కాక అనువాదాలు, సీఏ సర్టిఫికెట్ల లాంటి చిల్లర పనులు. సంస్థల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఒకే రకం పని ఎక్కడ చేయించుకున్నా లోపల జరిగేది ఇంచుమించు ఒకటే కాబట్టి, రకాన్ని బట్టి చూద్దాం.

ఒంటరిగా ఉన్న మనిషి ఫైలు మిగతావాటికంటే ఎందుకు కష్టమో ముందు తెలియాలి. అది తెలియకుండా ఏ ప్యాకేజీ కొన్నా దండగే. కెనడా రిఫ్యూజల్ లెటర్లో సాధారణంగా కనిపించేది ఇమిగ్రేషన్ రెగ్యులేషన్స్‌లోని 179(బి): గడువు తీరాక మీరు దేశం వదిలి వెళ్తారన్న నమ్మకం నాకు కలగలేదు, అని ఆఫీసర్ అంటున్నాడు. దాని కింద కారణాలుగా కెనడా బయట బలమైన కుటుంబ బంధాలు లేవు, ప్రయాణ ఉద్దేశం తాత్కాలిక సందర్శనకు సరిపోయేలా లేదు, ఆర్థిక స్థితి చాలదు లాంటి వాక్యాలు వస్తాయి. అసలు నోట్స్ తెరిస్తే ఏళ్ల తరబడి తిరుగుతున్న ఒక అచ్చు వాక్యం తగులుతుంది: అభ్యర్థి సింగిల్, ఎక్కడికైనా కదిలిపోగల మనిషి, స్థిరపడలేదు, మీద ఆధారపడినవాళ్లు లేరు.

భార్యాపిల్లల్ని ఇక్కడ వదిలి వెళ్లే మనిషికి ‘ఎందుకు తిరిగొస్తావు’ అన్న ప్రశ్నకు జవాబు ఫారంలోనే ఉంటుంది. సింగిల్ మనిషి ఫారంలో ఆ గడి ఖాళీ. ఆ ఖాళీని ఉద్యోగంతోనో, వ్యాపారంతోనో, అమ్మానాన్నల బాధ్యతతోనో, ఆస్తితోనో కాగితాల మీద నింపాలి. ఏ సర్వీసునైనా కొలవాల్సిన కొలత ఇదొక్కటే. ఫైలును మళ్లీ పంపినంత మాత్రాన కుదరదు, ఆఫీసర్ రాసిన దానికి జవాబు చెప్పాలి. రీ-అప్లై పేరుతో అమ్ముడుపోతున్న వాటిలో ఎక్కువ భాగం పాత పప్పుకే కొత్త తాలింపు.

(రిఫ్యూజ్ అయింది ఒంటరి తల్లికైతే, పిలిచే కొడుకో కూతురో కెనడా పౌరులో పీఆరో (శాశ్వత నివాసి) అయితే, విజిటర్ వీసాను పక్కనపెట్టి ముందు సూపర్ వీసా సంగతి చూడండి. దానికి పిలిచేవాళ్ల ఆదాయ పరిమితి, కనీసం లక్ష డాలర్ల కవరేజీతో ఏడాది మెడికల్ ఇన్సూరెన్సు కావాలి. అది తల్లిదండ్రులకు, తాతలకు, అమ్మమ్మ నానమ్మలకే. తోబుట్టువులకు, పిన్నికి, మేనత్తకు ఆ దారి లేదు. అయినా ‘అత్తయ్యకు సూపర్ వీసా చేయిస్తాం’ అనేవాళ్లు దొరుకుతారు. అక్కడే లేచి వచ్చేయొచ్చు.)

నోట్స్ తెప్పించే సర్వీసు: కొనక్కర్లేదు

2025 జూలై 29 నుంచి కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ కొన్ని రకాల రిఫ్యూజల్ లెటర్లతోపాటే ఆఫీసర్ నిర్ణయ నోట్స్ కూడా పంపుతోంది. విజిటర్ వీసాలూ అందులో ఉన్నాయి, కాకపోతే ప్రతి దరఖాస్తుకూ రావు. కాబట్టి లెటర్ పీడీఎఫ్‌ను చివరి పేజీ దాకా చూడండి. మొదటి పేజీ చదివి బాధపడి మూసేసినవాళ్లు, ఉచితంగా వచ్చిన నోట్స్‌కే మళ్లీ డబ్బు కట్టే అవకాశం ఉంది.

నోట్స్ రాకపోతే రెండు దారులున్నాయి. ఒకటి, కెనడా సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు: ఫీజు 5 డాలర్లు. కెనడాలో ఉన్న మీ బంధువు వేయొచ్చు. అప్లికెంట్ సంతకంతో ఐఎంఎం 5744 సమ్మతి ఫారం జతచేయాలి. రెండోది, కెనడా ప్రైవసీ చట్టం కింద దరఖాస్తు: 2022 జూలై నుంచి కెనడా బయట ఉన్న విదేశీయులు కూడా తమ సొంత సమాచారం కోసం నేరుగా వేసుకోవచ్చు, దీనికి ఫీజే లేదు. చట్టం చెప్పే గడువు 30 రోజులు, ఆలస్యాలు మామూలే. ఏ దారిలో వెళ్లినా అడగాల్సినవి రెండు: జీసీఎంఎస్ (ఐఆర్‌సీసీ ఫైళ్ల కంప్యూటర్ వ్యవస్థ) నోట్స్ మొత్తం, దరఖాస్తుతో అప్‌లోడ్ చేసిన ప్రతి కాగితం కాపీ.

ఆ రెండోది అడగమని ఏ కన్సల్టెన్సీ చెప్పదు, ఎందుకంటే పాత ఏజెంటు నిజంగా ఏం పంపాడో బయటపడేది దాంతోనే. జీతం గడిలో తప్పు అంకె, మీరు ఇవ్వని లెటర్, మీరిచ్చినా పంపని భూమి కాగితాలు, ‘ఇంతకుముందు ఏ దేశమైనా వీసా తిరస్కరించిందా’ అన్నదానికి మీకు చెప్పకుండా పెట్టిన ‘నో’, ఇవన్నీ కనబడతాయి. కొత్త ఫైలు పాతదానితో పొసగకపోతే మొదటిదాని కంటే పెద్ద చిక్కు వస్తుంది కాబట్టి, పాత ఫైలు చేతిలో లేకుండా రెండోసారి వేయకూడదు.

ఈ పనికి వేలల్లో తీసుకునేవాళ్లు చేసేది ఫారం నింపడం, వచ్చిన పీడీఎఫ్‌ను ఫార్వర్డ్ చేయడం. ఇంట్లో ఇంగ్లీషు ఫారాలు నింపగలవాళ్లు ఒక్కరున్నా ఇది కొనక్కర్లేదు.

వీధి కన్సల్టెన్సీ రీ-అప్లై ప్యాకేజీ: ఫారాలకు సరే, కేసుకు కాదు

వీళ్ల బలం ముందు చెప్పుకుందాం. స్కానింగ్ శుభ్రంగా చేస్తారు, పోర్టల్ ఖాతా తెరుస్తారు, ఫీజు కట్టడానికి విదేశీ లావాదేవీలు ఒప్పుకునే కార్డు వాళ్ల దగ్గర ఉంటుంది, వేలిముద్రలు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్లో అపాయింట్‌మెంట్ తీస్తారు. ఊళ్లో ఉండే పిన్నికి ఇవన్నీ చేసిపెట్టే మనిషి లేకపోతే ఆ మేరకు డబ్బు ఇవ్వడంలో తప్పులేదు. ప్రభుత్వ ఫీజు 100 కెనడా డాలర్లు, అంటే ఆరు వేల రూపాయల పైచిలుకు. మొదటిసారైతే బయోమెట్రిక్స్‌కు (వేలిముద్రలు, ఫొటో) ఇంకో 85. బయోమెట్రిక్స్ పదేళ్లు చెల్లుతాయి. రిఫ్యూజ్ అయిన ఫైలుకు ఇచ్చిన వేలిముద్రలైనా సరే మళ్లీ ఇవ్వక్కర్లేదు, మళ్లీ 85 కట్టక్కర్లేదు. రెండోసారి బిల్లులో ‘బయోమెట్రిక్స్’ అని ఉంటే రసీదు అడగండి. ఐఆర్‌సీసీ కట్టించుకున్న ప్రతి డాలరుకూ రసీదు ఉంటుంది.

బలహీనత ఎక్కడో చూపించడానికి ఒక నమూనా ఫైలు తీసుకుందాం. అప్లికెంటు 29 ఏళ్ల అవివాహితుడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. అమ్మానాన్నలు గుంటూరులో ఉంటారు. బ్రాంప్టన్‌లో ఉన్న అక్క పీఆర్, పాప పుట్టిందని పిలిచింది. మొదటి ఫైల్లో బస మూడు నెలలు అని రాశారు. కంపెనీ లెటర్లో సెలవు 20 రోజులు. బ్యాంకులో దరఖాస్తుకు రెండు వారాల ముందు ఒకే రోజు 6 లక్షలు పడ్డాయి. ఆఫీసర్ నోట్‌లో సింగిల్, ఆధారపడినవాళ్లు లేరు, పెద్ద మొత్తం ఎక్కడిదో వివరణ లేదు, అడిగిన కాలానికీ ఉద్యోగానికీ పొంతన లేదు, దగ్గరి బంధువు కెనడాలో ఉంది అని ఐదు ముక్కలు.

ప్యాకేజీ జవాబు ఎలా ఉంటుందంటే, నాలుగు పేజీల కవర్ లెటర్. భారతీయ సంస్కృతిలో కుటుంబ బంధాల గొప్పదనం, దేశం మీద ప్రేమ, ‘తప్పకుండా తిరిగి వస్తానని హామీ ఇస్తున్నాను’ అని మూడుసార్లు. కింద ఏదో కోర్టు తీర్పు నంబరు. ఖాతాలో ఈసారి 6 లక్షలకు బదులు 12. బస మళ్లీ మూడు నెలలే. ఐదు ముక్కల్లో ఒక్కదానికీ జవాబు లేదు, ఒకటి మాత్రం మరింత ముదిరింది.

పనికొచ్చే జవాబు ఒకటిన్నర పేజీ మించదు. బస 18 రోజులకు తగ్గుతుంది. సెలవు లెటర్లో హోదా, చేరిన తేదీ, జీతం, సెలవు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, తిరిగి డ్యూటీలో చేరాల్సిన తేదీ, హెచ్ఆర్ ఫోను, అధికారిక ఈమెయిలు ఉంటాయి. ఆ తేదీలే ఫారంలో, ఆహ్వాన లేఖలో, ప్రయాణ ప్రణాళికలో. ఉద్యోగం కొనసాగుతోందనడానికి ఈపీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16, రెండు మూడేళ్ల ఐటీఆర్. ఆ 6 లక్షలు చిట్టీ పాడిన డబ్బయితే చిట్ కంపెనీ స్టేట్‌మెంట్, ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేసినదైతే క్లోజర్ అడ్వైస్, నాన్న ఇచ్చినదైతే నాన్న ఖాతాలోంచి వెళ్లిన ఎంట్రీ, ఆయనకు అది ఎక్కడిదో తెలిపే కాగితం. ఆధారపడినవాళ్లు లేరన్నదానికి ప్రతి నెలా గుంటూరు ఖాతాకు పంపే డబ్బు 12 నెలల స్టేట్‌మెంట్‌లో గుర్తుపెట్టి చూపడం, అమ్మానాన్నల హెల్త్ పాలసీ ప్రీమియం కట్టేది తనే అయితే ఆ రసీదు, ఇంటి లోను తన పేరున ఉంటే ఈఎంఐ షెడ్యూలు. ‘నన్నే నమ్ముకున్న తల్లిదండ్రులున్నారు’ అన్న వాక్యానికి విలువ లేదు. ప్రతి నెలా 5వ తేదీన వెళ్లే 15,000కు ఉంది.

అక్క కెనడాలో ఉందన్నది దాచేది కాదు, దాచకూడదు కూడా. అన్నదమ్ముల్లో ఇంకొకరు ఇక్కడే ఉంటే వాళ్ల వివరాలు కుటుంబ ఫారంలో పూర్తిగా రాయాలి. ఒకటి మాత్రం ఆలోచించండి: అమ్మానాన్నలు సూపర్ వీసా మీద అదే సమయంలో బ్రాంప్టన్‌లోనే ఉంటే ‘ఇక్కడ తల్లిదండ్రుల బాధ్యత’ అన్న వాదన గాలికి పోతుంది. వాళ్లు తిరిగొచ్చాక ఇతను బయల్దేరేలా పెట్టుకోవడం మంచిది.

పాపను చూసుకోవడానికి వస్తున్నాం అని రాయొచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. బంధువు సందర్శనలో ఉండగా డబ్బు తీసుకోకుండా ఇంట్లో సాయం చేయడాన్ని కెనడా నిబంధనలు ఉద్యోగంగా లెక్కకట్టవు. పిల్లల పెంపకంలో కూతురికి తల్లి సాయపడటం వాళ్లే ఇచ్చే ఉదాహరణ. అయినా, ఉద్యోగం లేని 25 ఏళ్ల చెల్లెలు ఆరు నెలలు పాపను చూసుకోవడానికి వస్తానంటే ఆఫీసర్ మరోలా చదువుతాడు. నామకరణం, అన్నప్రాశన లాంటి తేదీ ఉన్న సందర్భం పెట్టుకుని, ఆ తేదీకి అటూ ఇటూ రెండు వారాలు అడగడం మేలు.

కన్సల్టెన్సీల అసలు ప్రమాదం వేరే ఉంది. ‘ప్రొఫైల్ వీక్ సార్, ఫండ్స్ మేం చూసుకుంటాం’ అన్న మాట వినగానే బయటికి రావాలి. వడ్డీకి తెచ్చి ఖాతాలో చూపే డబ్బు, లేని కంపెనీ లెటరు, అమెరికా రిఫ్యూజల్‌ను దాచమనడం, ఈ మూడూ తప్పుడు సమాచారం కిందికి వస్తాయి. ఇమిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ కింద ఐదేళ్లు కెనడా తలుపు మూసుకుంటుంది. ఎఫ్-1 (స్టూడెంట్) వీసాకో బీ-1 (విజిటర్) వీసాకో 214(బి), అంటే తిరిగొస్తారన్న నమ్మకం లేదన్న సెక్షన్, కింద అమెరికా కాన్సులేట్ కాదన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి ఉంటుంది. కెనడా ఫారంలోని ప్రశ్న ఏ దేశం తిరస్కరించినా అని అడుగుతుంది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌తో కెనడాకు సమాచార మార్పిడి ఉంది. రిఫ్యూజల్ ఉందని రాస్తే నష్టం కొద్దిగా ఉండొచ్చు, దాచితే ఐదేళ్లు. కొత్త ఈమెయిలుతో కొత్త ఖాతా తెరిస్తే పాత ఫైలు కనబడదన్నదీ వట్టి మాటే. యూసీఐ నంబరు (ఐఆర్‌సీసీ ఒక్కో మనిషికి ఇచ్చే గుర్తింపు సంఖ్య), పాస్‌పోర్టు, వేలిముద్రలు అన్నీ ఒకే మనిషికి కట్టి ఉంటాయి.

కౌంటర్ దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఐఎంఎం 5476 మీద మీరు సంతకం పెడతారా?’ డబ్బు తీసుకుని కెనడా ఇమిగ్రేషన్ సలహా ఇచ్చే, ప్రాతినిధ్యం వహించే హక్కు కెనడా లాయర్లకు (లా సొసైటీ సభ్యులైన పారాలీగల్స్‌తో సహా), క్యూబెక్ నోటరీలకు, లైసెన్సున్న కన్సల్టెంట్లకే ఉంది. ఆ ఫారం ప్రతినిధి ఎవరో ప్రకటించేది. ‘అది మాకు అక్కర్లేదండీ, మీరే వేసినట్టు వేస్తాం’ అంటే వాళ్ల తప్పు మీ పేరు మీద నమోదవుతుందని అర్థం. సంతకం పెట్టేది మీరే, ఐదేళ్ల నిషేధం పడేదీ మీకే. అప్‌లోడ్ చేసిన ప్రతి ఫైలు, సబ్మిట్ చేసిన ఫారం కాపీ, పోర్టల్ పాస్‌వర్డ్ ఇవ్వని చోట డబ్బు కట్టొద్దు.

‘వీసా రాకపోతే ఫీజు వాపస్’ ఆఫర్ ఒప్పందం చివరి పేరా చదివితే తెలుస్తుంది: వాపస్ వచ్చేది ‘సక్సెస్ ఫీజు’, అది మీరింకా కట్టనే లేదు.

లైసెన్సున్న కన్సల్టెంట్: ఫైల్ రివ్యూ మాత్రం కొనండి

ఆర్‌సీఐసీ అంటే కెనడాలో కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ నియంత్రణలో ఉండేవాళ్లు. ఆ కాలేజ్ వెబ్‌సైట్లో పబ్లిక్ రిజిస్టర్ ఉంది. పేరు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు కొట్టి లైసెన్సు అమల్లో ఉందో లేదో, క్రమశిక్షణ చర్యలు ఉన్నాయో చూసుకోవచ్చు. హైదరాబాద్ ఆఫీసు గోడ మీద ఒక ఆర్‌సీఐసీ ఫొటో, నంబరు ఉండి, పని చేసేదంతా లైసెన్సు లేని స్టాఫే కావడం మామూలు. రిజిస్టర్‌లోని ఈమెయిలుకు ‘నా ఫైలు మీరే చూస్తున్నారా’ అని ఒక మెయిలు కొడితే తేలిపోతుంది.

వీళ్ల దగ్గర పూర్తి ప్యాకేజీ కంటే గంట కన్సల్టేషన్ లాభం. నోట్స్, పాత ఫైలు కాపీ, కొత్తగా సమకూర్చిన కాగితాలు ముందే పంపి ఆ గంటలో మూడు విషయాలు అడగాలి: నోట్‌లోని ప్రతి అభ్యంతరానికీ ఏ కాగితం జవాబు అవుతుంది, ఏ జవాబు ఇంకా బలహీనం, ఇప్పుడు వేయాలా ఆగాలా. మంచి కన్సల్టెంట్ ‘ఆగండి’ అని చెప్పగలడు. ఉద్యోగంలో చేరి మూడు నెలలే అయితే, ఇంకా ప్రొబేషన్‌లో ఉంటే, ఖాతాలో డబ్బు నిన్నటిదైతే, ఆరు నెలలు ఆగితే అదే మనిషి ఫైలు మారిపోతుంది. మళ్లీ వేయడానికి చట్టంలో నిరీక్షణ గడువేమీ లేదు, రేపే వేయొచ్చు. మారిందేమీ లేకుండా రేపు వేస్తే ఎల్లుండి రెండో రిఫ్యూజల్ వస్తుంది, మూడోసారి ఆ రెండింటికీ జవాబు చెప్పుకోవాలి.

ఇక్కడ కూడా జాగ్రత్త: విజిటర్ ఫైలు అడిగితే ‘స్టడీ పర్మిట్ వేద్దాం, వర్క్ పర్మిట్ చూద్దాం’ అని మాట మార్చేవాళ్లున్నారు. ఒంటరి యువతకు ఈ వల ఎక్కువ వేస్తారు.

కోర్టు: చాలామందికి అవసరం లేదు, కొందరికి అదే దారి

విజిటర్ వీసా రిఫ్యూజల్‌కు అప్పీలు లేదు. ఫెడరల్ కోర్టులో జుడీషియల్ రివ్యూ (ఆఫీసర్ నిర్ణయం సబబేనా అని కోర్టు చూడటం) ఉంది. కెనడా బయట తీసుకున్న నిర్ణయమైతే తెలిసిన 60 రోజుల్లోపు వేయాలి. కోర్టు ఫీజు 50 డాలర్లే, లాయరు ఖర్చు మాత్రం వేల డాలర్లలో ఉంటుంది. ఆర్‌సీఐసీలు ఈ కోర్టులో వాదించలేరు, లాయరే కావాలి. ముందు కోర్టు అనుమతి, తర్వాత విచారణ. గెలిస్తే వచ్చేది వీసా కాదు, మరో ఆఫీసర్ మళ్లీ పరిశీలించాలన్న ఆదేశం.

ప్యాకేజీ అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటి: కోర్టు చూసేది ఆఫీసర్ ముందున్న కాగితాలనే. కొత్త సెలవు లెటరు, కొత్త స్టేట్‌మెంటు అక్కడ పెట్టలేరు. అంటే ఫైలు బలహీనంగా వేసి ఉంటే కోర్టుకు వెళ్లి లాభం లేదు, మళ్లీ వేసుకోవడమే చవక. ఫైలు బలంగా ఉండీ ఆఫీసర్ కాగితాలు పట్టించుకోకుండా అచ్చు వాక్యం ఒక్కటి రాసి వదిలేస్తే కోర్టుకు అర్థం ఉంది. 2017లో ఒక స్టడీ పర్మిట్ కేసులో ఫెడరల్ కోర్టు, పెళ్లికాకపోవడం, ఆధారపడినవాళ్లు లేకపోవడం అన్నవి తగిన విశ్లేషణ లేకుండా ప్రతికూలం కావని, అలా అయితే చాలామంది విద్యార్థులకు పర్మిట్లే రావని చెప్పింది. 2019లో కెనడా సుప్రీంకోర్టు ఇచ్చిన వావిలోవ్ తీర్పు తర్వాత, నిర్ణయానికి ఆధారం కాగితాల్లో కనబడాలన్న వాదన ఇంకా బలపడింది. ఇవి జడ్జికి చెప్పాల్సిన మాటలు. వీసా ఆఫీసర్‌కు రాసే కవర్ లెటర్లో ఈ తీర్పుల పేరాలు అతికించడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ చోటులో సెలవు తేదీలు రాయడం నయం.

సెక్షన్ 40 కింద తప్పుడు సమాచారం అని తేలిస్తే మాత్రం లెక్క వేరు. అప్పుడు మళ్లీ వేయడం కుదరదు కాబట్టి లాయరు దగ్గరికి పరుగెత్తాల్సిందే, 60 రోజులు ఇట్టే గడిచిపోతాయి. ఆ నిర్ణయానికి ముందు సాధారణంగా ఒక ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లెటర్ (అనుమానం ఇదీ, మీ జవాబేమిటని అడిగేది) వస్తుంది. దానికి జవాబిచ్చే గడువు అందులోనే ఉంటుంది. ఖర్చు పెట్టాల్సింది ఆ లెటరు దగ్గరే. ఏజెంటు ఈమెయిలుకు వచ్చి, ఏజెంటు చూడకుండా గడువు దాటిపోవడం జరుగుతుంటుంది. దరఖాస్తులో అప్లికెంట్ సొంత ఈమెయిలు పెట్టడానికి ఇదొక కారణం.

వెబ్ ఫారం ద్వారా పునఃపరిశీలన అడగడం ఉచితం. పంపిన కాగితాన్నే ‘పంపలేదు’ అని ఆఫీసర్ రాసినప్పుడు ప్రయత్నించొచ్చు. అవతల జవాబివ్వాల్సిన బాధ్యతేమీ లేదు, దాని కోసం 60 రోజుల గడువు ఆగదు.

అనువాదం, సీఏ సర్టిఫికెట్, ఆహ్వాన లేఖ

చిన్న పనులే గానీ ఊళ్లో ఉండే ఒంటరి బంధువు ఫైలుకు ప్రాణం ఇక్కడే ఉంటుంది. సాగు చేసుకునే మేనమామకు ఉద్యోగం లెటరు ఉండదు. తెలంగాణలో భూభారతి రికార్డు, ఆంధ్రాలో మీభూమి నుంచి 1-బి, అడంగల్, పట్టాదార్ పాస్‌బుక్, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు (పంట అమ్మిన రసీదులు), ఆ పంట డబ్బు ఖాతాలో పడిన ఎంట్రీ, ఇవన్నీ ఒకదానికొకటి కలిస్తే అది ఆదాయం. భూమి విలువ కోటిన్నర అని సీఏ సర్టిఫికెట్ ఒక్కటే పెడితే ఆఫీసర్‌కు అది వట్టి అంకె. నెట్‌వర్త్ సర్టిఫికెట్ కొనాల్సిందేమీ కాదు. కొంటే ప్రతి అంకె వెనక ఆధారం జతచేయండి.

తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం, దానితో అనువాదకుడి అఫిడవిట్, మూల పత్రం కాపీ, మూడూ ఉండాలి. అనువాదం అప్లికెంట్ గానీ కుటుంబ సభ్యులు గానీ చేయకూడదు. నోటరీ స్టాంపు వేసి అఫిడవిట్ లేకుండా ఇచ్చేసే డీటీపీ సెంటర్లు ఉన్నాయి. డబ్బు ఇచ్చేముందు చూసుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో పోల్చుకోండి. ఇంటి పేరు ముందా వెనకా అన్న తికమక ఇక్కడే పుడుతుంది.

భర్త పోయిన పిన్ని విషయంలో మారిటల్ స్టేటస్ గడిలో ‘సింగిల్’ అని టిక్ పెట్టడం తప్పు, ‘విడో’ అని వేరే ఎంపిక ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే పీపీఓ (పెన్షన్ ఆర్డర్), ఇంటి పన్ను రసీదు, ఈసీ జతచేయాలి. విడాకులైతే కోర్టు డిక్రీ. పిల్లలు ఇక్కడ చదువుకుంటుంటే వాళ్ల కాలేజీ సర్టిఫికెట్టే ఆమె ఫైలులో అన్నిటికంటే బరువైన కాగితం, చాలా ప్యాకేజీల్లో కనబడనిదీ అదే.

ఆహ్వాన లేఖ టెంప్లేట్లు డబ్బుకు కొనకండి. ఏం రాయాలో ఐఆర్‌సీసీ సైట్లోనే ఉంది: వచ్చేవాళ్ల పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోను, బంధుత్వం, ఎందుకు, ఎన్నాళ్లు, ఎక్కడ ఉంటారు, ఖర్చెవరిది, ఎప్పుడు వెళ్తారు, పిలిచేవాళ్ల వివరాలు, ఉద్యోగం, స్టేటస్ కాపీ, ఇంట్లో ఎంతమంది. నోటరీ అన్నిసార్లూ అక్కర్లేదు. ఖర్చు తామే పెట్టుకుంటామంటే టీ4 (యజమాని ఇచ్చే ఏడాది జీతం స్లిప్), సీఆర్ఏ (కెనడా పన్నుల శాఖ) నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్, ఇటీవలి పే స్టబ్‌లు ఉండాలి. పిలిచేవాళ్లు వర్క్ పర్మిట్ మీద ఉండి అది రెండు నెలల్లో ముగుస్తుంటే, రెన్యూవల్ అయ్యాక పిలవడం మంచిది. ఎంత సంపన్నుడైన అన్నయ్య ఉన్నా తమ్ముడు తిరిగొస్తాడన్న దానికి అది జవాబు కాదు. అతని పేరున కాగితాలు లేకుండా అన్న డాలర్లే చూపించే ఫైళ్లు ఎక్కువగా ఇక్కడే పడిపోతాయి.

ట్రావెల్ హిస్టరీ కోసం థాయ్‌లాండ్ ప్యాకేజీ అంటగట్టేవాళ్ల గురించి రెండు ముక్కలు. ఇంతకుముందు ప్రయాణాలు లేకపోవడాన్ని తప్పుగా చూడకూడదని, మహా అయితే అది తటస్థ అంశమని ఫెడరల్ కోర్టు తీర్పులున్నాయి. బ్యాంకాక్‌లో నాలుగు రోజులు గడిపొస్తే పెద్దగా ఒరిగేది లేదు. అమెరికా, బ్రిటన్ లాంటి వీసా తీసుకుని వెళ్లి గడువులోపు తిరిగొచ్చిన చరిత్రకు విలువ ఉంటుంది. సరదాకు వెళ్తే వెళ్లండి.

వీఎఫ్ఎస్: పని పరిమితం, దానికి తగ్గట్టు ఆశించండి

వీఎఫ్ఎస్ సెంటర్ వేలిముద్రలు, ఫొటో తీసుకుంటుంది, వీసా ఓకే అయ్యాక పాస్‌పోర్టు తీసుకుని పంపుతుంది. నిర్ణయంలో దానికి పాత్ర లేదు. ‘వీఎఫ్ఎస్‌లో మాకు మనుషులున్నారు’ అనేవాళ్లను నమ్మడానికి వీల్లేదు. ప్రీమియం లౌంజ్ లాంటివి సౌకర్యానికే, ఫైలు ముందుకు జరగదు. రెండోసారి వేసేవాళ్లకు బయోమెట్రిక్స్ చెల్లుతుంటే పాస్‌పోర్టు అడిగేదాకా అక్కడికి వెళ్లే పనే ఉండదు.

2024 నవంబరు నుంచి ఎక్కువ కాలం చెల్లే మల్టిపుల్ ఎంట్రీ వీసా మామూలుగా ఇచ్చేయాలన్న పద్ధతి పోయింది, ఆఫీసర్ ఇష్టాన్ని బట్టి తక్కువ కాలానికో ఒక్క ఎంట్రీకో ఇవ్వొచ్చు. కాబట్టి పాస్‌పోర్టు చేతికి రాగానే గడువు, ఎంట్రీల సంఖ్య చూశాకే టికెట్ కొనండి. దరఖాస్తులో పెట్టిన సెలవు లెటరు, ఆహ్వాన లేఖ, రిటర్న్ టికెట్ ప్రింట్లు క్యాబిన్ బ్యాగులో ఉంచుకోవాలి. టొరంటోలోనో వాంకూవర్‌లోనో దిగాక బోర్డర్ ఆఫీసర్ ‘ఎన్నాళ్లుంటారు’ అని అడిగితే చెప్పాల్సింది ఫారంలో రాసిన ఆ రోజులే (మన నమూనా ఫైల్లో 18). ‘ఆరు నెలలు ఉండొచ్చు కదా’ అని కౌంటర్ దగ్గర అనకూడదని ఇంట్లోనే చెప్పి పంపండి.